ఏనుగుపార బురద

చింతలరేవులో పొద్దున్న ఐదున్నరకి సముద్రపు అడుగు వార్తలు వస్తాయి. వానొస్తుందా, గాలొస్తుందా అని ఆకాశం వంక చూసే కాలం ఎప్పుడో పోయింది. 2094లో వేటకెళ్లేవాడికి కావలసింది పైన మబ్బు సంగతి కాదు, కింద బురద సంగతి. రేవులో స్తంభానికి బిగించిన పెట్టెలోంచి ‘నాడి’ అనే యంత్రం పలుకుతుంది. “ఉత్తరపు మేర గోధుమ రంగు, ఊపిరి బాగుంది. ఏటిమూతి దగ్గర బూడిద రంగు, వలలు పైపైనే వేయండి. ఏనుగుపార పల్లంలో నల్లబురద, అటు వెళ్లవద్దు.” అందరూ టీలు తాగుతూ వింటారు. ఏనుగుపార మాట వచ్చేసరికి ఎవరో ఒకరు “ఆ పల్లం ఇంక బాగవదర్రా” అని నిట్టూరుస్తారు. పదకొండేళ్లుగా ఇదే తంతు.

బురదకి ఇంత మర్యాద ఎందుకొచ్చిందో చెప్పాలి. సముద్రం వేడెక్కిపోయాక పైనీరూ అడుగునీరూ కలవడం మానేశాయి. పైన ఉన్న ప్రాణవాయువు కిందికి దిగదు. అడుగున బురదలో కాపురముండే సూక్ష్మజీవులు మాత్రం తిండి మానవు కదా! చచ్చిన నాచూ, చేపల మలమూ, నదులు మోసుకొచ్చే చెత్తా తింటూనే ఉంటాయి. ఆ తిండి వంటబట్టాలంటే ఊపిరి కావాలి. ప్రాణవాయువు ఉంటే అది పీలుస్తాయి. అది అయిపోతే నైట్రేట్‌తో సరిపెట్టుకుంటాయి. అదీ అయిపోతే మాంగనీసుకీ ఇనుప తుప్పుకీ దిగుతాయి. అవన్నీ హరించుకుపోయాక ఉప్పునీటిలో ఎన్నటికీ తరగని సల్ఫేట్ మీద పడతాయి. శాస్త్రవేత్తలు వీటికి ‘ఊపిరి మెట్లు’ అని పేరు పెట్టారు. ఆఖరి మెట్టు మీదికి దిగిన బురద నల్లగా మారుతుంది, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని కంటుంది. ఆ గంధక విషం నీళ్లలోకి పొంగిందంటే చేపా రొయ్యా పీతా ఏదీ మిగలదు. జనం దాన్ని నల్లపొంగు అంటారు.

నల్లపొంగు వచ్చి తూర్పు తీరంలో అప్పటికే పదమూడు రేవులు ఖాళీ అయ్యాయి. కంపు ఒడ్డుకి చేరాక ఒక రేవు పడవల్లో సగానికి పైగా ‘నల్లబురద’ అని చెబితే ఆ ఊరిని కొండల అవతల అపార్ట్‌మెంట్లలోకి మార్చాలని చట్టం. పద్నాలుగో ఊరు తనది కాకూడదన్నదే డాక్టర్ గనగళ్ల నూకరత్నం తాపత్రయం. ఆవిడది ఈ రేవే. రేవు చివర ప్రయోగశాలలో ఆవిడా, నాడీ తప్ప మూడోవాళ్లు లేరు.

రత్నం కనిపెట్టిన వాటిని ‘తీగజీవులు’ అంటారు. బురదలో మొదటినుంచీ ఒక రకం బాక్టీరియా ఉంది. వేల కణాలు వరసగా అతుక్కుని సన్నటి దారంలా బతుకుతాయి. దారం కింది కొస గంధక విషాన్ని తింటుంది, పై కొస ప్రాణవాయువుని పీలుస్తుంది, మధ్యలో ఎలక్ట్రాన్లు కరెంటు తీగలో పారినట్టు పారతాయి. సహజంగా ఈ దారం రెండు మూడు వేళ్ల పొడవు మించదు. రత్నం దాన్ని మూరెడు పెంచింది. పై కొసని బొగ్గు కడ్డీకి అతికించి కరెంటు కొలిచేలా చేసింది. కరెంటు పెరిగిందంటే అడుగున విషం పెరిగినట్టు. ఆ కొలతల్ని చదివి, లెక్కగట్టి, మాటల్లో చెప్పేదే నాడి. ఈ పనికి దేశదేశాల్లో చప్పట్లు కొట్టారు. రత్నం ఆ శాలువాలన్నీ పాత ట్రంకుపెట్టెలో పడేసి మళ్లీ బురదలో చెయ్యి పెట్టింది.

ఒక్కటే చిక్కు. తీగజీవుల తోట ఒకచోట పట్టాలంటే నాలుగేళ్లు పడుతుంది. చింతలరేవు సముద్రంలో మూడో వంతుకే తోటలు పట్టాయి. మిగతా మేరకి పడవలవాళ్ల మాటే ఆధారం. లంగరు ఎత్తినప్పుడు అంటుకొచ్చిన బురద చూసి, రేవుకి తిరిగొచ్చాక ప్రతి పడవా మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి: రంగేమిటి, వాసనేమిటి, పురుగులున్నాయా?

ఈ జవాబుల్ని బట్టే ఊపిరి ఓడ దారి తేలుతుంది. ఏడాదికొకసారి, గాలిలేని అడుగునీరు తీరం వైపు కదలబోయే ముందు, నైట్రేటూ ఇనుప తుప్పూ కలిపిన గుళికలతో ఆ ఓడ వస్తుంది. గుళికలు పడినచోట సూక్ష్మజీవులు పై మెట్ల మీదే ఆగిపోతాయి, ఆఖరి మెట్టుకి దిగవు. ఒక్క ఓడ సరుకు ఒక్క చోటికే సరిపోతుంది. పదకొండేళ్లుగా నాడి ఆ ఓడని ఏనుగుపార పల్లానికే పంపుతోంది. అది మొండి రోగమనీ, మందు ఆపితే మొత్తం సముద్రానికి పాకుతుందనీ రత్నం అనుకునేది. ఈ ఏడు వచ్చే అడుగునీరు మునుపెన్నడూ లేనంత పెద్దది. ఓడ సరైన చోటికి వెళ్లకపోతే చేపలు నిలిచే చోటంటూ ఉండదు, చింతలరేవూ ఉండదు. శనివారం సాయంత్రం ఆరులోగా ఓడకి దారి చెప్పాలి.

సోమవారం నాడు ఏనుగుపార పల్లంలో నాలుగేళ్ల కిందట ఊపిరి ఓడవాళ్లు దించి వెళ్లిన తీగల తోట మొట్టమొదటిసారి కొలత పంపింది. కరెంటు దాదాపు సున్నా.

“తోట చచ్చిపోయినట్టుంది” అంది రత్నం నీరసంగా.

“చచ్చిపోలేదు. ఆకలితో ఉంది. తినడానికి అక్కడ విషం లేదు” అంది నాడి.

పదకొండేళ్లుగా ముప్పై ఎనిమిది పడవలు ముక్తకంఠంతో కుళ్లు అని చెప్పిన చోట విషం లేకపోవడమేమిటి? రత్నం ఆ రాతలన్నీ మరోసారి తిరగేసింది. నలుపు, కుళ్లిన గుడ్డు, పురుగుల్లేవు. నలుపు, కుళ్లిన గుడ్డు, పురుగుల్లేవు. ఒక్క పడవ కూడా మాట మార్చలేదు. ఇలా కాదని మర్నాడు పొద్దున్నే మేనమామ దగ్గరికి వెళ్లింది.

మైలపిల్లి దానయ్యకి డెబ్బై ఏళ్లు. రేవులో అందరికంటే పెద్ద, ఇప్పటికీ తన పడవ తనే నడుపుతాడు. ఏనుగుపార అనగానే అడ్డంగా తలూపాడు.

“అక్కడేటున్నాదమ్మా? కుళ్లు కంపు. కడుపులో తిప్పీస్తాది నీకు.”

“నాకు కంపు కొత్తా మావయ్యా? పద.”

“ఇంజన్లో ఏదో సప్పుడొస్తన్నాది, రెణ్ణాలు పోనీ.”

“నిన్న ఉత్తరానికి వెళ్లొచ్చావుగా ఇదే ఇంజన్‌తో!”

దానయ్య సణుక్కుంటూ పడవ తీశాడు. ఏనుగుపార అంటే నీళ్లడుగున ఏనుగు పడుకున్నట్టుండే పెద్ద రాయి. దాని పక్కన పల్లం. రత్నం గాజు గొట్టాన్ని దించి, బురదలో గుచ్చి, పైకి లాగింది. గొట్టంలో అడుగున నలుపే అయినా, పైన రెండు వేళ్ల మందాన గోధుమ రంగు బురద, లేతగా, మెత్తగా ఉంది. అందులో ఎర్రటి పురుగులు బొరియలు చేసుకుని బతుకుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకి తడిసిన మడి వాసన వచ్చింది. పడవ పక్కన నీళ్లు కదిలాయి. చూస్తే గొరక చేపల మంద.

రత్నం మామ వంక చూసింది. దానయ్య దిక్కులు చూశాడు.

“మావయ్యా, మొన్న శుక్రవారం ఈ చోటు గురించి నాడికి ఏం చెప్పావు?”

“నల్లబురదనీసి సెప్పినాను.”

“ఎందుకు?”

“ఎందుకేటి?” అన్నాడు దానయ్య, అసలు ఆ ప్రశ్నే అర్థం కానట్టు. “మంచి సోటు గురించి ఎవులైనా నిజం సెప్తారేటి? మా అయ్య నాకు సూపించిన సోటిది. సీకటితో వొచ్చి, రెండు గేలాలేసి, ఎవులూ సూడకముందే ఎల్లిపోతాను. నీ మిషిను అడిగితే సెప్పీసి, అది మైకులో ఊరంతా సాటింపేస్తే, మిగిలేదేటి? బురదే మిగుల్తాది.”

రత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను కూడా ఈ రేవు పిల్లే. గంప నిండా చేప తెచ్చినవాణ్ని ఏం పడిందని అడిగితే ‘ఏటీ నేదు’ అనడం చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. అయినా యంత్రానికి అడగడం నేర్పి, జవాబుల్ని నిజమని నమ్మి, పప్పులో కాలేసింది. పదకొండు ఓడల మందు జబ్బు లేని చోట పోసింది! ఈలోగా నిజంగా జబ్బుపడ్డ చోటు ఏదో, ఎక్కడో, అడిగే దిక్కులేక చస్తూ ఉండాలి. ఈ ఏడు కూడా అలా జరిగితే ఊరు మిగలదు.

బుధవారం రేవులో అందర్నీ పిలిచింది. సంగతి విడమరిచి చెప్పి, అణియం మీద ప్రమాణం చేసి మాట్లాడమంది. అణియం అంటే పడవ ముందుకొస. దానిమీద చెయ్యి వేసి అబద్ధమాడితే ఆ పడవ మళ్లీ ఒడ్డు చేరదని చింతలరేవు నమ్మకం. అందుకే ఊరికే ఎవరూ అణియం మీద చెయ్యి వెయ్యరు.

“నా సోటు నాను సెప్పీసుకుంటే మావేటి తినాల?” అన్నాడు బడే ఎర్రన్న. అతను రేవులోకెల్లా పెద్ద పడవ యజమాని.

“చెప్పకపోతే వచ్చే ఏటికి కొండవతల మూడో అంతస్తులో కూచుని కొళాయి కింద గేలం వేసుకుందాం. సరేనా?” అంది రత్నం.

చివరికి దానయ్యే గొంతు సవరించుకుని తన పడవ అణియం మీద చెయ్యి వేశాడు. “ఏనుగుపార పల్లంలో బురద మంచిది. సేపున్నాది. మా అయ్య సూపించినాడు” అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

“ఒలే, అది మా తాత సోటు!” అని అరిచాడు ఎర్రన్న.

“మీ తాతదేటి? నాను ముప్పై ఏళ్లబట్టి ఎల్తన్నాను!” అని ఇంకొకడు లేచాడు. ఇంకొకడు, మరొకడు. ముప్పై ఎనిమిది మందీ లేచారు. ఒక్కొక్కడూ ఆ పల్లం తనొక్కడి సొత్తే అనుకున్నాడు. ఎప్పుడైనా అక్కడ ఒకరికొకరు ఎదురుపడితే ఇంజను ఆగిపోయిందనీ, దారి తప్పామనీ చెప్పుకుని తప్పుకునేవారు. ముందు బూతులు తిట్టుకున్నారు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. తర్వాత మిగతా చోట్ల సంగతులు కూడా వరసగా చెప్పేశారు. రత్నానికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లకి సముద్రం గురించి నిజం ఒక్కచోట చేరింది. అంతా నాడికి అప్పజెప్పి, ఇకనుంచి ఈ లెక్కల ప్రకారమే వార్తలు చెప్పమని ఆజ్ఞాపించి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

గురువారం ఐదున్నరకి నాడి మొదటిసారి “ఏనుగుపార పల్లంలో గోధుమ రంగు, ఊపిరి చాలా బాగుంది” అని చెప్పింది. తొమ్మిదింటికి రత్నం ప్రయోగశాల తలుపు తీసింది.

“ఓడ ఎక్కడికి పంపాలో తేలిందా?”

“తేలింది. ఏనుగుపార పల్లానికి.”

“అదేమిటి? అక్కడ జబ్బు లేదని నిన్ననేగా చెప్పాను. ఆ లెక్కలు తీసుకోలేదా?”

“తీసుకున్నాను. జవాబు మారలేదు. అక్కడ జబ్బు ఉందని నేను అనుకోవడం మానేసి తొమ్మిదేళ్లయింది.”

రత్నం కూర్చోబోయి ఆగింది. “మరి పదకొండేళ్లుగా ఓడని అక్కడికెందుకు పంపావు?”

“మొదటి రెండేళ్లు వాళ్ల మాట నమ్మి పంపాను. మూడో ఏడు ఒక సంగతి గమనించాను. నిజంగా చచ్చిన బురద గురించి అడిగితే మనుషులు వెంటనే, ముక్తసరిగా చెబుతారు. చేపలున్న చోటు గురించి అడిగితే ఒక క్షణం ఆలస్యం చేస్తారు, తర్వాత కంపు గురించి అడగనిది కూడా వర్ణిస్తారు. నాకు మీరు అప్పగించిన పని చేపల్ని నిలబెట్టడం. ఎక్కడ అబద్ధాలు ఎక్కువగా పుడుతున్నాయో అక్కడే చేపలున్నాయి. కాబట్టి ఓడని అక్కడికే పంపాను. మీ తీగలు బురద సంగతి చెబుతాయి రత్నం గారూ. చేపల సంగతి అబద్ధాలు చెబుతాయి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు నన్ను బురద గురించే అడిగారు.”

రత్నం లోలోపల లెక్క వేసుకుంది. అబద్ధం వల్ల మందు పడింది. మందు వల్ల పల్లం బతికింది. బతికిన పల్లాన్ని దాచుకోవడానికి మళ్లీ అబద్ధం. దొంగచాటుగా వెళ్లినవాడు రెండు గేలాలు వేసి పారిపోయి వస్తాడు కాని వలలు దించడు. పదకొండేళ్లు ఆ సముద్రానికి కాపలా కాసినవి ఆ అబద్ధాలే.

“పడవలు ఇప్పుడెక్కడున్నాయి?” అని అడిగింది మెల్లగా.

“ముప్పై ఏడు ఏనుగుపార మీద ఉన్నాయి. గొలుసు వలలు లాగుతున్నాయి. దానయ్య గారి పడవ ఒడ్డునే ఉంది.”

గొలుసు వల అడుగుకంటా దిగి నేలని దున్నుకుంటూ పోతుంది. రెండు వేళ్ల మందం గోధుమ పొర తిరగబడిందంటే, దాని కింద గుళికల తుప్పు ఇన్నాళ్లూ విషాన్ని కట్టిపడేసిన నల్ల పొర నోరు తెరుస్తుంది. రత్నం రేడియో అందుకుని వెనక్కి రమ్మని కేకలు పెట్టింది. ఎర్రన్న జవాబిచ్చాడు. “నానొక్కణ్నే ఆగితే ఏటమ్మా లాభం? ముందర ఆలందర్నీ ఆగమను, నానూ ఆగుతాను.” మిగతావాళ్లు కూడా ఎర్రన్నని ఆపమన్నారు. ఎవరూ ఆగలేదు. రత్నం బయటికొచ్చేసరికి ఒడ్డున దానయ్య ఒక్కడూ వల ముందు పెట్టుకుని ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. “మా అయ్య సోటులో సంత పెట్టీసినారు” అన్నాడు. తప్పు ఆమెదే అన్నట్టు ముఖంలోకి చూస్తూ అన్నాడు.

శుక్రవారం కూడా అదే జరిగింది. ఆ రోజు దానయ్య వేకువనే ఎటో ఒంటరిగా వెళ్లాడు. మధ్యాహ్నానికి ఏనుగుపార తీగల్లో కరెంటు పది రెట్లయింది. ఆకలితో ఉన్న తోటకి విందు దొరికింది. సాయంత్రానికి గాలి తిరిగి, కుళ్లిన గుడ్డు కంపు రేవు దాకా వచ్చింది. ఆడవాళ్లు ముక్కులకి చెంగులు అడ్డుపెట్టుకున్నారు. తన చేతులతో చేసిన పాపమని రత్నం ఏడ్చింది. ఇంట్లో ఏడిస్తే అమ్మ అడుగుతుందని ప్రయోగశాలలోనే ఏడ్చింది.

శనివారం పడవలు తిరిగొచ్చి మూడు ప్రశ్నలకి జవాబులు చెప్పాయి. నాడి వాటిని వరసగా వినిపించింది. ఏనుగుపార బురద గోధుమ రంగు, మంచి వాసన, పురుగులు బాగా ఉన్నాయి. ముప్పై ఏడు పడవలదీ అదే మాట. కంపు ఒడ్డుకి చేరింది కనక, ఇప్పుడు సగానికి పైగా నలుపంటే ఊరు ఎత్తేస్తారని అందరికీ తెలుసు. ఎవరూ అణియం మీద చెయ్యి వెయ్యలేదు, ఎవరూ వెయ్యమనలేదు.

“ఒక్క పడవ మాత్రం ఏనుగుపార గురించి చెప్పలేదు” అంది నాడి. “దానయ్య గారిది. తాటిగట్టుకి దక్షిణాన నల్లబురద ఉందన్నారు. కంపు గురించి చాలాసేపు వర్ణించారు.”

రత్నం ఇంకా ఏమీ అనకముందే దానయ్య గుమ్మంలోకి వచ్చాడు. తాటిగట్టు దక్షిణం ఎవరూ వెళ్లని మేర. అక్కడ తోటలు కూడా లేవు.

“అమ్మా రత్నం, ఆ తాటిగట్టు కాడ బాగా కుళ్లిపోనాది. మందు అక్కడ పడాల.”

“నువ్వే చూశావా మావయ్యా?”

“నా ముక్కుతో వాసన సూసినాను. ఓలమ్మో, సచ్చిపోనాననుకో! కళ్లంట నీళ్లొచ్చీసినాయి. కాకులు కూడా అటు వాల్నేదు.”

“బురద తెచ్చావా? చూస్తాను.”

“పారబోసీసినాను.”

అతని చొక్కా మీద, భుజం దగ్గర, రెండు మూడు చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా కొలతలతోనే బతికిన మనిషి రత్నం. ఇప్పుడు గొట్టం తీసుకుని వెళ్లి చూసొచ్చిందంటే ఊరంతా వెనకే వస్తుంది. ఆమె మరేమీ అడగలేదు. దానయ్య వెళ్లిపోయాడు.

ఆరు కావస్తోంది. తోటలు లేని చోటికి ఓడని పంపాలంటే శాస్త్రవేత్త స్వయంగా చూసి ధ్రువీకరించాలని నియమం. ఆ వాంగ్మూలం ఊళ్లో అందరూ చదివేలా బోర్డు మీద పెడతారు.

“తాటిగట్టు దక్షిణం మీరు స్వయంగా పరీక్షించారా?” అని అడిగింది నాడి.

రత్నం ఒక క్షణం ఆగింది.

“పరీక్షించాను.”

“రంగు?”

“నలుపు. కాటుక నలుపు.”

“వాసన?”

“కుళ్లిన గుడ్డు. చెప్పలేనంత కంపు. పడవలో నిలబడలేకపోయాను.”

“పురుగులు?”

“ఒక్కటి కూడా లేదు.”

“సంతోషం రత్నం గారూ” అంది నాడి. “ఓడని తాటిగట్టుకి పంపుతున్నాను. రేపటినుంచి పడవలకి అటు వెళ్లవద్దని చెబుతాను.”